ఆఱవనెల

మన గృహములలో గర్భిణీస్త్రీని గూర్చిన చింత రెండు సమయములయందు మిక్కుటముగా నుండును. వేవిళ్లు పట్టు తొలినెలలలో నొకమాఱు, నెలలు నిండి పురిటికి ఏర్పాటులు చేయు తుదినెలలలో మఱియొకమాఱు. నడుమనున్న కాలము సుఖకాలమని పేరుపొందినది. వాంతులు తగ్గును. అన్నము సహించును. కడుపులోని బిడ్డ కదలుట తల్లికి స్పష్టముగా దెలియును. ఇంటిలోని పెద్దలు నిశ్చింతగా నుందురు. ఇరువదిరెండవ వారము మొదలు ఇరువదియేడవ వారము ముగియువఱకు గల యీ దినములు మన లెక్కలో ఆఱవనెలయు, ఏడవనెలలో జాలభాగమును అగును. ఈ నిశ్చింత యెంతవఱకు న్యాయమైనది? ఈ నెలలలో తల్లిశరీరమున జరుగు వ్యయమును లోకము ఎప్పుడు కనిపెట్టినది? ఈ విషయమును గూర్చి కొంత విచారింపదలచితిమి.

చరకసంహిత శారీరస్థానమున గర్భము నెలనెలకు పెరుగు క్రమము చెప్పబడినది. ఐదవనెలలో బిడ్డకు రక్తమాంసములు విశేషముగా వృద్ధిపొందుననియు, అందుచేత తల్లి చిక్కిపోవుననియు నందు గలదు. ఆఱవనెలలో బిడ్డకు బలమును వర్ణమును తక్కిన నెలలకంటె నెక్కువగా గలుగుననియు, తల్లికి అవియే విశేషముగా తఱుగుననియు చెప్పబడినది. ఏడవనెలలో నామె అన్నివిధముల అలసిపోవునట. సుశ్రుతసంహిత వేఱొక మార్గమున నడచి, ఐదవనెలలో మనస్సు, ఆఱవనెలలో బుద్ధి, ఏడవనెలలో సర్వాంగముల స్పష్టతయు బిడ్డకు కలుగునని వ్రాసినది. గర్భిణి రెండు హృదయములు గలదనియు, ఆమె కోరినది యీయకున్న బిడ్డకు కీడు మూడుననియు చెప్పు దౌహృదవిషయము రెండు గ్రంథములకును సమ్మతమే. లోకమున నిలిచినది ఆ దౌహృదమే. చూలాలు అడిగిన చింతకాయ యీయకుండుట పాపమని యెఱుగని ముసలమ్మ లేదు. తల్లి బలవర్ణములు తఱుగునన్న మాట మాత్రము పుస్తకమునందే యుండిపోయెను. ఆ గ్రంథమునందలి మిక్కిలి విలువగల మాటలలో నది యొకటియని మా యభిప్రాయము. ఇంతమాత్రముచేత నేటి రక్తపరీక్ష చరకునికి ముందే తెలియునని వాదించువారితో మేము చేరము. కంటితో చూచినదానిని ఉన్నదున్నట్లు చెప్పుటయే ఆయన గొప్పతనము.

అదే గ్రంథమున నొక చిన్న ప్రసంగము కలదు. ఏడవనెలలో గర్భిణికి రొమ్మున మంట పుట్టును. బిడ్డకు వెండ్రుకలు మొలచుచుండుటచేత నిది కలుగునని స్త్రీలు చెప్పుకొందురనియు, అది నిజము కాదని ఆత్రేయుడు త్రోసివేసెననియు నందున్నది. గర్భము ఒత్తుటచేత దోషములు రొమ్మునకు జేరి మంటపుట్టించుననియు, మంటవలన దురద, దురదవలన చర్మముపై చారలు కలుగుననియు ఆయన సమాధానము. దోషముల మాట యటుంచిన, పెరిగిన గర్భాశయము జీర్ణకోశమును పైకి నెట్టుట యొక కారణమని నేటి వైద్యులును చెప్పుదురు. గర్భకాలమున పుట్టు హార్మోనులు జీర్ణకోశముయొక్క పైద్వారమును వదులుచేయుట మఱియొక కారణము. ఇన్ని శతాబ్దములక్రిందట ఖండింపబడిన యా వెండ్రుకల మాట నేటికిని మన వంటయిండ్లలో వినబడుచునే యున్నది!

ఇక సంస్కారముల సంగతి. సీమంతోన్నయనమునకు కాలము నిర్ణయించుటలో గృహ్యసూత్రకారులకు ఐకమత్యము లేదు. తెలుగుదేశపు బ్రాహ్మణులలో పెక్కురకు సూత్రకారుడైన ఆపస్తంబుడు నాల్గవనెల యనెను. పారస్కరుడు ఆఱవదికాని ఎనిమిదవదికాని యనెను. శాంఖాయనుడు ఏడవది యనెను. మూడు తెల్లని మచ్చలుగల ఏదుముల్లుతో భర్త భార్యకు పాపట తీయును. పచ్చి మేడికాయల గుత్తి యుండవలెను. వీణపై గానము జరుగవలెను. తాము ఏ నదియొడ్డున నివసింతురో ఆ నది పేరు ఆ పాటలో చేరవలెనని ఆపస్తంబుని విధి. ఈ విధిని చదువునపుడెల్ల మాకు ముచ్చట కలుగును. కాలక్రమమున నీ వేడుక పేరంటముగా మాఱినది. గాజులు తొడుగుట, చలిమిడి పెట్టుట, పూలు ముడుచుట మొదలగు ఆచారములు పలుకులములలో వ్యాపించినవి.

అయితే పైని చెప్పిన మువ్వురు సూత్రకారులును ఏకీభవించిన విషయమొకటి కలదు. ఈ సంస్కారము ప్రథమగర్భమునకే. స్త్రీకి ఒకమాఱు సంస్కారము జరిగినపిమ్మట ప్రతిగర్భమునకు మరల నక్కఱలేదని వ్యాఖ్యాతల వాదము. శాస్త్రార్థ మెట్లున్నను, లోకమున దీని ఫలము స్పష్టముగా కనబడుచున్నది. తొలిచూలు కోడలికి గాజులు, పూలు, పదిమంది యాశీర్వచనములు. మలిచూలునకు ఏమియు లేదు. మూడవ చూలునకు ఆమె యెన్నవ నెలలో నున్నదో ఇంటివారికే సరిగా తెలియదు. తల్లి దేహమున వ్యయము మాత్రము ప్రతిమాఱును జరుగును. కానుపునకు కానుపునకు ఎడము తక్కువైనకొలది మొదటిలోటు తీరకమునుపే రెండవది వచ్చిపడును.

తల్లి పోగొట్టుకొనుదానిని కొలుచు సాధనములు పాశ్చాత్యదేశములం దేర్పడినవి. అక్కడను మొదట చూపు బిడ్డమీదనే పడినది. 1774 లో విలియం హంటరు గర్భాశయమును గూర్చి ప్రకటించిన మహాగ్రంథమునందలి చిత్రములు గర్భవతులై మరణించిన స్త్రీల దేహములను కోసి చూచి వ్రాయించినవి. 1816 లో లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టిన కొలదికాలమునకే, 1821 లో కెర్గరడెక్ అను ఫ్రెంచివైద్యుడు గర్భిణియొక్క కడుపుపై దానినుంచి లోపలి నీటి చప్పుడును వినగోరి, బిడ్డ గుండె కొట్టుకొనుటను వినెను. జెనీవాయందలి మేయర్ అను వైద్యుడు 1818 లోనే చెవి యానించి దానిని వినియుండెను. తల్లి వంతు తరువాత వచ్చినది. 1843 లో లండనునందు లీవరు అను వైద్యుడు గుఱ్ఱపువాతమువంటి మూర్ఛలు పొందిన గర్భిణుల మూత్రమున ఆల్బుమిను కలదని చూపెను. 1896 లో రీవా-రోచి రక్తపుపోటును కొలుచు పట్టీని నిర్మించెను. ఈ రెండును కలిసిన పిమ్మట, మూర్ఛ రాకమునుపే యపాయమును పసిగట్టుటకు వీలుకలిగినది.

రక్తహీనతయొక్క చరిత్రము మనదేశమునకు మిక్కిలి దగ్గఱది. 1928 లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, అచ్చటి హాఫ్‌కిన్ సంస్థలో గర్భిణుల రక్తహీనతను గూర్చి పరిశోధన మారంభించెను. మిల్లులలో పనిచేయు బీదస్త్రీలలోను, మహమ్మదీయ స్త్రీలలోను నీ రోగము ఘోరముగా నుండెను. వారి రక్తమున ఎఱ్ఱకణములు తక్కువగుటయే గాక, ఉన్నవి పరిమాణమునకు మించి పెద్దవిగా నుండెను. సూక్ష్మక్రిములవలన కలుగునేమో యని మొదట వెదకి, పిమ్మట ఆమె వంటయింటివైపు చూచెను. ఏ కుటుంబమువారేమి తినుచున్నారో విచారింపగా, రోగము ముదిరినచోట కూరలును పండ్లును మిక్కిలి తక్కువ యని తేలెను. ఎలుకలకును కోతులకును ఆ తిండినే పెట్టి చూచెను. తుదకు బీరు కాచుటలో మిగులు ఈస్టునుండి తీసిన మార్మైటు అను చవుకసరకు తినిపించిన గర్భిణులు కోలుకొనిరి. 1931 లో నీ సంగతిని ప్రకటించెను. ఆమె చెన్నపట్టణమున గోషా ఆసుపత్రియందును, కూనూరునందును కూడ పనిచేసెను. ఈస్టునందలి యా గుణకరమైన పదార్థ మేదియో అప్పటి కెవరికిని తెలియదు. విల్స్ పదార్థమని మాత్రము పిలుచుచుండిరి.

1941 లో అమెరికాయందు పాలకూరనుండి వేఱుచేయబడిన పదార్థమునకు, లాటినుభాషలో ఆకు అను నర్థముగల శబ్దమునుబట్టి, ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. దానిని ప్రయోగశాలలో నిర్మించిన ఘనత మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన లెడర్లే శాస్త్రజ్ఞులది. భీమవరమున 1895 లో జన్మించి, రాజమహేంద్రవరమునందును చెన్నపట్టణమునందును చదివి, 1923 లో అమెరికా చేరిన యీ మహనీయుని సోదరులిద్దఱు స్ప్రూ అను గ్రహణిరోగముచేత మరణించిరి. తానును ఆ రోగముచే బాధపడెను. అదే స్ప్రూకు ఫోలిక్ ఆమ్లము మందుగా తరువాత వాడబడినది. 1945 లో ఈ నిర్మాణవార్త వెలువడెను. మూడేండ్లకు, 1948 లో, ఆయన పరదేశముననే కన్నుమూసెను. బొంబాయి బీదరాలి రక్తమున మొదలైన ప్రశ్నకు భీమవరపువాని ప్రయోగశాలయందు మందు తయారగుట మన పాఠ్యపుస్తకములలో నింకను తగినంత స్థలము పొందలేదు.

నేటి శాస్త్రము ఆఱవనెలను గూర్చి చెప్పునది యిది. తల్లిరక్తమునందలి ద్రవభాగము గర్భకాలమున నూటికి 40 మొదలు 50 వంతులవఱకు పెరుగును. ఎఱ్ఱకణములు నూటికి 20 మొదలు 30 వంతులే పెరుగును. కావున రక్తము కొంత పలుచనగుట సహజము. అందుచేతనే ప్రపంచారోగ్యసంస్థవారు నడుమ మూడునెలలకు మాత్రము హిమోగ్లోబిను హద్దును 11 నుండి 10.5 గ్రాములకు తగ్గించిరి. అంతకు తగ్గినచో రోగమే. 24 వారముల బిడ్డ సుమారు అడుగు పొడవును, ముప్పాతిక కిలోకు లోపలి బరువును గలది. 28 వారములకు కిలోవఱకు పెరుగును. బయటి శబ్దములకు ఉలికిపడును. ఈ పెరుగుదలకు గావలసిన ఇనుము తల్లి దేహమునుండియే వచ్చును. కాళ్లు పట్టుకొనిపోవుట, నడుము నొప్పి, పాదములు కొంచెము వాచుట ఈ నెలలలో సామాన్యములు. ముఖము వాచుట, విడువని తలనొప్పి, కన్నులు మసకబాఱుట, రక్తస్రావము, బిడ్డ కదలిక తగ్గుట సామాన్యములు కావు. అప్పుడు తెల్లవాఱువఱకు ఆగరాదు.

చక్కెరవ్యాధి పరీక్షయు ఈ కాలమునకే చెందినది. మనదేశమున అమలునందున్న పద్ధతిని బట్టి మొదటిమాఱు చూపించుకొనినపుడును, మరల 24, 28 వారముల నడుమను, 75 గ్రాముల గ్లూకోసు త్రాగించి రెండుగంటలకు రక్తము చూతురు. 140 మిల్లిగ్రాములు చేరినచో గర్భకాలపు చక్కెరవ్యాధి యందురు. దీనికి బాధ యేమియు నుండదు. చూడనివారికి తెలియదు.

1970 లోనే మన ప్రభుత్వము గర్భిణులకు ఇనుమును ఫోలిక్ ఆమ్లమును గల మాత్రల నిచ్చు ప్రణాళికను మొదలుపెట్టెను. ఇప్పుడు నాల్గవనెలనుండి దినమున కొకటి చొప్పున 180 దినములు, కానుపు పిమ్మట మరల 180 దినములు వాడవలెనని నియమము. అయినను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గర్భిణులలో నూటికి 52.2 మంది రక్తహీనులుగా తేలిరి. మందు లేకపోవుటయొక్కటియే దీనికి కారణమని మేము నమ్మము. మాత్ర మింగిన తరువాత మలము నల్లనగును, మలబద్ధము కలుగును, కడుపు త్రిప్పును. నల్లనగుట యినుముయొక్క స్వభావమని చెప్పువారు లేక, ఆమె భయపడి మాత్రలను గూటిలో దాచును. కొందఱు కాఫీతోనో టీతోనో మ్రింగుదురు. అప్పుడు ఇనుము వంటికి సరిగా పట్టదు. నిమ్మరసముతోనో జామపండుతోనో పుచ్చుకొనిన మేలు. ఇంతకంటె పెద్ద కారణము వేఱొకటి కలదు. ఇంటిలో అందఱును తిన్న పిమ్మట, మిగిలినదానితో కోడలు భోజనమునకు కూర్చుండుట. చూలాలికి చలిమిడి పెట్టిన పళ్లెములోనే, ఆ మఱునాటినుండి ఆకుకూరయు పప్పును ముందుగా వడ్డించుటకు ఏ సూత్రకారుడును అడ్డుచెప్పలేదు.

2016 నుండి ప్రతినెల తొమ్మిదవ తేదీన ప్రభుత్వవైద్యశాలలలో నాల్గవనెల దాటిన గర్భిణులకు ఉచితపరీక్ష జరుగుచున్నది. రక్తము, పోటు, మూత్రము, బిడ్డ గుండెచప్పుడు అన్నియు నొక్కపూటలో చూతురు. ఎన్నవ కానుపని వ్రాసికొందురే గాని, తొలిచూలు కాదని యెవరిని త్రిప్పి పంపరు.