మగ్గపు అట్టలు – విశ్వపు నేత

సిరిసిల్ల మరమగ్గముల సవ్వడి ఎఱిగిన శ్రోతలకు, మేడిపల్లి, కోరుట్ల సీమల వారికి నేతను గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. జకార్డు మగ్గముపై రంధ్రములు గల అట్టలు వరుసగా వ్రేలాడును. చీర అంచున విరియు పూవులన్నియు ఆ రంధ్రములలోనే అణగియుండును. అట్టను చదువనేర్చినవాడు అంచు ఎట్లుండునో చెప్పగలడు. అంచును పరిశీలించినవాడు అట్టను తిరిగి కొట్టగలడు. రూపములు రెండు, విషయ మొక్కటే. భౌతికశాస్త్రమున ఇట్టి భావ మొకటి పుట్టి, త్రోసివేయబడి, మరల బ్రదికిన కథను నేడు చెప్పుకొందము.

1968లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గబ్రియేలె వెనెజియానో పరమాణు కేంద్రకమును బంధించు ప్రబల బలమునకు సంబంధించిన సూత్రము నొకదానిని ప్రతిపాదించెను. కణములు బిందువులు గాక సన్నని తంతువులైనచో ఆ సూత్రము సహజముగా లభించునని నాంబు, సస్కిండు, నీల్సెనులు వేర్వేరుగా గుర్తించిరి. కాని 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జరుల పరిశోధనవలన క్వార్కుల గేజి సిద్ధాంతమునకే గెలుపు లభించెను. తంతువులు మూలబడెను. గేజి సిద్ధాంతమను పేరు విని బెదరనక్కరలేదు. ఈ ప్రసంగమును మీ యింటికి చేర్చు రేడియో తరంగములకు మాక్స్‌వెల్ వ్రాసిన సమీకరణములే అట్టి సిద్ధాంతములలో మొదటివి.

మరుసటి యేడే రెండు విశేషములు జరిగెను. తంతువుల లెక్కలో గురుత్వాకర్షణను మోయు కణము తప్పక వచ్చునని షెర్క్, ష్వార్ట్జ్‌లును, వేరుగా యోనెయాయు చూపిరి. గేజి సిద్ధాంతమున 'రంగుల' సంఖ్యను మిక్కిలి పెంచినచో లెక్కలు తంతువుల లెక్కలవలె అమరునని హాలెండు దేశీయుడు టూఫ్ట్ చూపెను. ఇంతలో బెకెన్‌స్టైను, హాకింగుల కృషివలన కృష్ణబిలపు ఎంట్రోపీ దాని ఘనపరిమాణమును బట్టి గాక ఉపరితల వైశాల్యమును బట్టి యుండునని తేలెను. చీర కథ అట్టలో నున్నట్లు, లోపలి కథ అంచున వ్రాయబడియుండునా?

1997లో అర్జెంటీనాకు చెందిన మాల్డసేనా ఒక ప్రత్యేక సందర్భమున దీనికి సమాధానము ప్రతిపాదించెను. వంపు గల ఐదు పరిమాణముల ఆకాశమునందలి గురుత్వమును, దాని నాలుగు పరిమాణముల అంచునందలి గేజి సిద్ధాంతమును ఒక్కటే యని అతని వాదము. ఒక వైపు లెక్క దుస్సాధ్యమైనచోట రెండవ వైపు సులభమగును. దీని ఉపయోగ మెల్ల ఇందే యున్నది.

1998లో మన దేశీయుడు రాజేశ్ గోపకుమార్, ఇరానులో జన్మించిన కుమ్రున్ వఫాతో కలిసి మఱియొక ఉదాహరణ మిచ్చెను. కోనిఫోల్డు అను ఆరు పరిమాణముల ఆకృతికి మొన యొకటి కలదు. ఆ మొనను రెండు విధముల నున్నగా చేయవచ్చును: మూడు పరిమాణముల గోళమును పెట్టియైనను, రెండు పరిమాణముల గోళమును పెట్టియైనను. మొదటి గోళముపై చెర్న్–సైమన్స్ గేజి సిద్ధాంతమును నిలిపి రంగుల సంఖ్యను పెంచగా, ఆ గోళము మాయమై రెండవది వెలయును. కొనలు విడిగానున్న తంతువుల కథ, కొనలు కలిసిన తంతువుల కథగా మారును. ఇదియే జ్యామితీయ పరివర్తనము. ఇరువైపుల లెక్కలును సరిపోయినవి. గోపకుమార్ తరువాత బెంగుళూరులోని అంతర్జాతీయ సైద్ధాంతిక విజ్ఞాన కేంద్రమునకు సంచాలకులైరి.

ఇట్టి విద్యకు దక్షిణదేశమున నేల దున్నినవారిలో నెల్లూరు మండలపు పుదూరు మూలముగల అల్లాడి వంశీయులు రామకృష్ణన్ గారిని స్మరింపవలెను. మద్రాసులో తమ యింటనే సదస్సులు నడిపి, 1962 జనవరి 3న గణితశాస్త్ర సంస్థను వారు ఆరంభింపజేసిరి. అచ్చట నేడును తంతు సిద్ధాంత పరిశోధన జరుగుచున్నది.

ఇంతకును దీనివలన ఫలమేమి? 2005లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు బంగారు కేంద్రకములను ఢీకొట్టగా పుట్టిన క్వార్కుల ద్రవ్యము, జిగట మిక్కిలి తక్కువగా గల ద్రవమువలె ప్రవహించినదని ప్రకటించిరి. ఆ స్వల్పమైన జిగటకు దగ్గరి విలువను కృష్ణబిలముల లెక్క అంతకు ముందే ఇచ్చియుండెను. అయినను మాల్డసేనా ప్రతిపాదనకు గణితజ్ఞులు కోరు సంపూర్ణ నిరూపణ లేదు. మన ప్రపంచపు క్వార్కుల సిద్ధాంతమునకు సరిగా సరిపడు గురుత్వరూపమును ఇంకను దొరకలేదు. 1968లో ఏ ప్రశ్నతో బయలుదేరిరో ఆ ప్రశ్న అట్లే నిలిచియున్నది. గ్రామ పాఠశాలలలో నేడు జ్యామితి దిద్దుకొనుచున్న బాలబాలికలకును అది తెరచియున్న ద్వారమే.