ఇస్నోఫీలియా: దగ్గు వెనక కణం, కణం వెనక ఉత్తర్వు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు తగ్గని దగ్గుకు ఒక పేరుండేది: ఇస్నోఫీలియా. "ఆమెకు ఇస్నోఫీలియా ఉన్నదట" అంటే బీపీయో షుగరో ఉన్నట్టే లెక్క. రక్తపరీక్ష చీటీలో ఒక అంకె పెరిగితే ఆ అంకే జబ్బు. కానీ ఈసినోఫిల్ జబ్బు కాదు. అందరి రక్తంలోనూ ఉండే తెల్లకణం. మామూలుగా తెల్లకణాల్లో నూటికి ఐదారుకు మించదు. అది పెరిగిందంటే, పెరగమని ఎక్కడి నుంచో ఉత్తర్వు వచ్చిందన్నమాట. ఆ ఉత్తర్వు ఎవరిదో తెలుసుకోవడానికి వందేళ్ళ పైనే పట్టింది.

ఈ కణానికి పేరు అద్దకం రంగు నుంచి వచ్చింది. 1870లలో జర్మనీ రంగుల పరిశ్రమ ఈసిన్ అనే గులాబీ ఎరుపు రంగును తయారుచేసింది. 1879లో పాల్ ఎర్లిక్ అనే పాతికేళ్ళ డాక్టరు అలాంటి రంగులను గాజుపలక మీది రక్తానికి అద్ది చూశాడు. కొన్ని కణాల్లోని రేణువులు ఈసిన్‌ని గట్టిగా పట్టుకున్నాయి. ఈసిన్ అంటే ఇష్టపడేవి కనుక ఈసినోఫిల్స్.

తర్వాతి మలుపు మన దగ్గరే. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే డాక్టర్లు కొందరు రోగులను చూసి తికమకపడ్డారు. దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు. అన్నీ క్షయ లక్షణాలే గానీ అది క్షయ కాదు. రక్తంలో మాత్రం ఈసినోఫిల్స్ విపరీతం. 1940లో దీన్ని క్షయలా కనిపించే మరో జబ్బుగా రాశారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి 'ట్రాపికల్ ఈసినోఫీలియా' అని పేరు పెట్టాడు. దోషి ఫైలేరియా పురుగని తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. బోదకాలు తెచ్చే పురుగే అది. దాని పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే, కొందరి శరీరం అతిగా తిరగబడుతుంది. ఆ తిరుగుబాటే ఈ దగ్గు.

మందు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి వచ్చింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వాళ్ళు 1947లో డైఇథైల్‌కార్బమజైన్‌ని బయటపెట్టారు. మన మెడికల్ షాపుల్లో హెట్రజాన్, బానోసైడ్ అంటే అదే. మరుసటి ఏడే ఆయన పోయారు.

పురుగు సంగతి తెలిసింది. మరి శరీరం ఈ కణాలను ఎట్లా పుట్టిస్తుంది? ఎముకల్లోని మూలుగలో ఒకే రకం మూలకణం నుంచి ఎర్రకణాలు, తెల్లకణాలు అన్నీ వస్తాయి. అన్నిట్లోనూ ఉండే జన్యువులు అవే. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో చెప్పే ప్రొటీన్లే తేడా తెస్తాయి. వాటిలో ఒకటి గాటా-1. 1995లో కోడి కణాల్లోకి దీన్ని చొప్పిస్తే, వేరే దారిలో పోతున్న తెల్లకణాలు ఈసినోఫిల్స్‌గా మారాయి. 2002లో స్టువర్ట్ ఆర్కిన్ బృందం ఎలుకల్లో గాటా-1 జన్యువు మీటలోంచి ఒక చిన్న ముక్కను తీసేసింది. ఎలుకలు బతికాయి, ఎర్రకణాలూ తయారయ్యాయి. ఈసినోఫిల్స్ మాత్రం లేకుండా పోయాయి.

2006లో మరో సంగతి తెలిసింది. సి/ఇబిపి-ఆల్ఫా అనే ప్రొటీన్ ముందొచ్చి, గాటా-2 తర్వాత వస్తే ఈసినోఫిల్. వరస తిరగబడితే బేసోఫిల్ అనే వేరే కణం. అవే రెండు ప్రొటీన్లు, వరసే వేరు. సిరిసిల్లలో ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు: పడుగు పడ్డాకే పేక. ఒంట్లో పురుగు ఉన్నప్పుడు రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్-5 అనే కబురు పంపుతాయి. అప్పుడు ఈ నేత జోరందుకుంటుంది, చీటీలో అంకె పెరుగుతుంది.

అంటే ఉత్తర్వు మూలుగలో మొదలవలేదు. పురుగు దగ్గర, పురుగును మోసిన దోమ దగ్గర, దోమను పెంచిన మురికి కాలువ దగ్గర మొదలైంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బోదకాలు ఉన్న ప్రాంతం. ఈ మూడు ఊళ్ళూ అందులోవే. 2004 నుంచి దేశంలో ఇలాంటి జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ సుబ్బారావు గోలీలే పంచుతున్నారు. "నాకు బోదకాలు లేదు, నాకెందుకు?" అని దాచిపెట్టేవాళ్ళు ఎందరో. వేసుకున్నాక కొందరికి జ్వరమొస్తుంది, దాంతో భయం. చాలాసార్లు ఆ జ్వరం లోపల పురుగు పిల్లలు చస్తున్న గుర్తు. ఏ బాధా లేనివాళ్ళ రక్తంలోనూ అవి తిరుగుతుంటాయి. అక్కడి నుంచే దోమ పక్కింటికి మోస్తుంది.

ఒకసారి బాగా వాచిన కాలును ఈ గోలీ మామూలు చేయలేదు. బోదకాలు ఉన్నవాళ్ళకు తెలంగాణలో 2018 నుంచి పింఛన్ ఇస్తున్నారు. ఆ కాలితోనే బీడీలు చుట్టే ఆడవాళ్ళకు అది ఆసరా, చికిత్స కాదు. గోలీ కాపాడేది ఇంకా కాలు వాయనివాళ్ళను.

కాబట్టి ఈసారి చీటీలో ఆ అంకె ఎక్కువుంటే కణాన్ని తిట్టుకోవద్దు. దానికి అందిన ఉత్తర్వు ప్రకారం అది పుట్టింది. పురుగు వల్లనా, అలర్జీ వల్లనా, ఇంకేదైనానా అని డాక్టరును అడగండి. కాలువ ఎందుకు తీయలేదో మున్సిపాలిటీనీ అడగండి.