ఎనభై కేలరీల వెనుక ఒక చలికాలం

నీట్, ఎప్‌సెట్ రాసే పిల్లలు ‘పదార్థ ఉష్ణ ధర్మాలు’ పాఠానికి రాగానే రెండు అంకెలు కంఠతా పట్టేస్తారు. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు, గ్రాము నీరు ఆవిరి కావడానికి 540. మంచుగడ్డ మీదికి ఆవిరి పంపితే చివరికి ఉష్ణోగ్రత ఎంత అనే లెక్క ఏటా ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది కనుక, ఇవి రాకపోతే పని జరగదు. కానీ ఆ 80 ఎక్కడిదో చెప్పే తీరిక కోచింగ్ క్లాసులో ఎవరికీ ఉండదు. అది నిజంగా లోటే.

దాన్ని రాబట్టినవాడు జోసెఫ్ బ్లాక్. స్కాట్లండ్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యం, రసాయనశాస్త్రం చెప్పేవాడు. మంచు కరిగే స్థితికి వచ్చాక ఇంకాస్త వేడి తగిలితే చాలు, మొత్తం నీరైపోతుందని అప్పట్లో పండితుల నమ్మకం. బ్లాక్‌కు ఆ మాట మింగుడు పడలేదు. అదే నిజమైతే చలికాలం పోయి ఎండ కాసిన మొదటి రోజుల్లోనే కొండల మీది మంచంతా ఒక్కపెట్టున కరిగి ఊళ్లను ముంచెత్తాలి కదా! అలా జరగడం లేదు. మంచు వారాల తరబడి నెమ్మదిగా కరుగుతోంది.

1761 ప్రాంతపు చలికాలంలో అతను రెండు పలుచని గాజుబుడ్లు తీసుకున్నాడు. ఒక్కోదానిలో 5 ఔన్సుల నీళ్లు. ఒకదాన్ని గడ్డకట్టించాడు. రెండోదాన్ని గడ్డకట్టనివ్వకుండా 33 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా చల్లబరిచాడు. 47 డిగ్రీలున్న ఖాళీ హాల్లో రెంటినీ తీగలతో వేలాడదీశాడు. నీళ్ల బుడ్డి అరగంటలో 40 డిగ్రీలకు చేరింది, అంటే 7 డిగ్రీలు పెరిగింది. మంచు బుడ్డి అదే 40కి రావడానికి పదిన్నర గంటలు పట్టింది.

పదిన్నర గంటలంటే 21 అరగంటలు. అరగంటకు 7 చొప్పున 147 డిగ్రీలకు సరిపడా వేడి మంచులోకి వెళ్లింది. థర్మామీటరు చూపింది మాత్రం 8 డిగ్రీల పెరుగుదలే. మిగిలిన 139 కరగడానికే ఖర్చయింది. దీన్నే అతను గుప్తోష్ణం అన్నాడు. నేటి లెక్కలోకి మారిస్తే గ్రాముకు 77 కేలరీలు! రెండు బుడ్లు, ఒక గడియారం, థర్మామీటరు, ఒక చల్లని గది – ఇంతటితో అసలు విలువకు అంత దగ్గరగా రావడం అబ్బురం.

ఆవిరి విషయంలో గురి అంత కుదరలేదు. ఎర్రగా కాలిన ఇనుప పలక మీద తగరపు గిన్నెల్లో నీళ్లు మరిగించి, అవి మరగడానికి పట్టిన సమయాన్నీ ఇగిరిపోవడానికి పట్టిన సమయాన్నీ పోల్చాడు. వచ్చిన విలువ సుమారు 450 కేలరీలే.

అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు చేసే జేమ్స్ వాట్, న్యూకోమెన్ ఆవిరి ఇంజన్ నమూనా బాగుచేస్తూ, కొద్దిపాటి ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల నీటిని మరిగే స్థాయికి తేగలదని చూసి నివ్వెరపోయాడు. కారణం బ్లాక్ చెప్పాడు. అయితే 1765లో వాట్‌కు తట్టిన విడి కండెన్సర్ (ఆవిరిని సిలిండర్‌కు బయట చల్లార్చే అర) బ్లాక్ సిద్ధాంతంలోంచే పుట్టిందనే ప్రచారం సరికాదు. వాట్ తానే దాన్ని కాదన్నాడు.

బ్లాక్ ఈ ప్రయోగాలను 1762లో గ్లాస్గోలో ఒక సభలో చదివాడు, ఏళ్ల తరబడి పాఠాల్లో చెప్పాడు, కానీ అచ్చు వేయించలేదు. విద్యార్థులు రాసుకున్న నోట్సుల ద్వారానే ఆ విషయం చేతులు మారింది. 1799లో అతను కన్నుమూశాక, శిష్యుడు జాన్ రాబిసన్ ఆ ఉపన్యాసాలను కూర్చి 1803లో పుస్తకంగా తెచ్చాడు.