పట్టమునకు ముందు పని: అమెరికా నిబంధనల చరిత్ర

కర్నూలు కడప కాలువ గట్టున పొలమున్నంత మాత్రమున ఎవ్వరును తూము ఎత్తుకొనజాలరు. ఆయకట్టులో పేరుండవలెను, వంతు రావలెను, లస్కరు సమ్మతింపవలెను. సుంకేసుల మొదలు కడప వరకుగల రైతు పెద్దలకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. అమెరికా దేశమున చదువుకొను మన బిడ్డలు పట్టము పుచ్చుకొనకమునుపే ఒక సంస్థలో చేరి పని నేర్చుకొనుటకుగల నిబంధనయు ఇట్టిదే. దాని పూర్వాపరములను మనవి చేయుచున్నాను.

1917 నాటి అమెరికా చట్టము ఆసియా ఖండములో అధిక భాగమునకు తలుపు మూసెను. విద్యార్థులకు మాత్రము సందు విడిచెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో బోస్టను నగరము చేరినది ఆ చట్టము అమలులోనున్న దినములలోనే. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో సేవకుని పని. ఔషధ శాస్త్రమున అంతటి కీర్తి గడించిన పురుషుడు రోగుల పడకలు సవరించి పొట్ట పోసికొనెనని మన పిల్లలకు చెప్పదగును. తరువాత 1924 నాటి చట్టము, కేవలము చదువు నిమిత్తమే వచ్చినవారిని విద్యార్థులుగా ఎంచెను. చదువుతోపాటు చేతిపని నేర్చుకొనుట మాట? 1947లో వెలువడిన నిబంధన, పాఠశాలవారు అవసరమనిగాని, ఉచితమనిగాని చెప్పినచో, శిక్షణ కొరకు కొలువు చేయవచ్చునని స్పష్టపరచెను. నేడు మన యింటింట వినబడు ఎఫ్-1 అను పేరు 1952 చట్టమునుండి వచ్చినది.

పట్టమునకు ముందు చేయు ఈ శిక్షణను ఇప్పుడు సీ.పీ.టీ. అందురు. అది పాఠ్యక్రమములో అంతర్భాగమై యుండవలెను. సామాన్యముగా ఒక విద్యాసంవత్సరము నిండవలెను. మొదటినుండియే పని విధించు కొన్ని ఉన్నత విద్యలకు మాత్రము మినహాయింపు కలదు. వారమునకు 20 గంటలకు మించినచో అది పూర్తికాలపు పని. అట్టి పని పండ్రెండు మాసములు చేసినవానికి అదే స్థాయి చదువు ముగిసిన పిదప లభింపవలసిన ఓ.పీ.టీ. పోవును. ఈ చివరి నిబంధన అనేకుల చెవిని పడుట లేదు.

కడపలోను కర్నూలులోను 1980 తరువాత ఇంజనీరింగు కళాశాలలు వృద్ధిపొందెను. వానితోపాటు అమెరికా ఆశయు పెరిగెను. వేరుశనగ పండని యేడు పొలము తాకట్టు పెట్టి బిడ్డను పంపిన తండ్రికి, ఆ బిడ్డ త్వరగా సంపాదింపవలెనను తొందర సహజము. ఆ తొందరయే కొందరు వ్యాపారులకు పెట్టుబడి అయ్యెను.

కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అను విద్యాలయమును 2011 జనవరిలో అధికారులు మూయించిరి. దానిలో చేరిన వేయికి పైబడిన విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలో తెలుగువారే మెండు. వందలకొలది విద్యార్థులు ఒకే గృహమున వసించుచున్నట్లు అచట లెక్కలు వ్రాయబడినవి! చేరినదే తడవుగా పని అనుమతులును దొరకెను. కొందరి కాళ్లకు జాడ తెలుపు రేడియో కడియములు తగిలించిరి. దొంగగొడ్డుకు గుదిబండ కట్టినట్లున్న ఆ చర్యను మన ప్రభుత్వము నిరసించెను, నిరసించుట న్యాయమే. విద్యాలయ స్థాపకురాలికి 2014లో పదునారు సంవత్సరముల శిక్ష పడెను గాని, పిల్లలు కట్టిన రుసుము, పోయిన కాలము తిరిగిరావు గదా. 2019లో మిషిగను రాష్ట్రమున బయటపడిన ఫార్మింగ్టన్ విద్యాలయము మరియు విచిత్రము: అది ప్రభుత్వమువారే వలగా పన్నినది. తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. అందు చిక్కినవారిలోను మనవారే అధికులు.

తెలిసి చేరినవారు కొందరుందురు, తెలియక చేరినవారును కొందరుందురు. ఇరువురను ఒకే గాటకట్టుట నాకు సమ్మతము కాదు. కాని పరదేశపు అధికారి చూచునది పత్రమునే. ఐ-20 అను ఆ పత్రముపై పని యిచ్చు సంస్థ పేరు, ఆరంభ దినము, ముగింపు దినము విద్యాలయాధికారిచే ఎక్కింపబడవలెను. కావున బిడ్డ ఫోను చేసినపుడు జీతమెంతయని అడుగుటకు ముందు ఆ మూడును ఎక్కినవా యని అడుగుడు. ఆరంభ దినమునకు ఒక్కరోజు ముందు పనిలో కూర్చున్నను అది అనుమతి లేని పనియే యగును.