అంచనాలు వేసిన చేత్తోనే ఛాయాచిత్రాలు
రాజా దీన్ దయాళ్ (1844–1905) జీవిత విశేషాలు

పెన్షను కాగితాల కోసం దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చుని ఫోటో తీయించుకోని సభ్యులు మన సంఘంలో బహుశా ఉండరు. ఆ ఫోటో తీసిన స్టూడియో యజమాని ఆ విద్యను ఏ కళాశాలలోనూ నేర్చుకుని ఉండడు. చిన్నతనంలో ఎవరి దగ్గరో చేరి, చీకటి గదిలో నెగెటివులు కడిగి, ఆరవేసి, ఆ తర్వాతనే కెమెరా పట్టి ఉంటాడు. మన ఊళ్లలో ఫోటోగ్రఫీ చాలాకాలం ఇలా చేతి పనిగానే ఒకరి నుంచి ఒకరికి సంక్రమించింది.

ఇలా పట్టా లేకుండా ఈ వృత్తిలోకి వచ్చినవారిలో దేశమంతటా పేరు పొందిన తొలితరం వ్యక్తి ఒకరు మనవంటి ప్రభుత్వోద్యోగే కావడం గమనార్హం. ఆయనే రాజా దీన్ దయాళ్. పుట్టింది ఉత్తరాదిని అయినా, స్థిరపడి కీర్తి గడించింది మన హైదరాబాదు, సికింద్రాబాదులలో.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదువు ముగించుకుని, 1866లో ఇందోరులోని పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగంలో చేరారు. కట్టడాలకు అంచనాలు తయారు చేయడం, నక్షాలు గీయడం ఆయన విధులు. ఎనిమిదేళ్లు ఈ పని చేశాక, 1874లో, ముప్ఫై ఏళ్ల వయస్సులో కెమెరా చేపట్టారు.

ఆనాడు ఫోటో తీయడం నేటిలా మీట నొక్కే వ్యవహారం కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, వెంటనే కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో పూర్తికావాలి. ఎండలో ఆలస్యం చేస్తే పలక పాడైనట్లే. ఊరు దాటి వెళితే చీకటి గుడారం, గాజు పలకలు, మందుల సీసాలు వెంట మోసుకుపోవాలి. పలకను కాగితానికి ఆనించి ఎండలో అచ్చు తీసేవారు కాబట్టి, ఎంత పెద్ద బొమ్మ కావాలంటే అంత పెద్ద పలక వాడాలి. ముందే తయారుచేసి దాచుకోగల పొడి పలకలు 1880 ప్రాంతంలో వాడుకలోకి వచ్చాక గానీ ఈ తిప్పలు తగ్గలేదు.

ఇటువంటి పనిలో ప్రవేశించిన ఆయనకు ఆదరణ త్వరలోనే లభించింది. ఇందోరు మహారాజు రెండవ తుకోజీ రావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875–76లో వేల్స్ యువరాజు మన దేశంలో పర్యటించినప్పుడు ఫోటోలు తీసే అవకాశం వచ్చింది. కెమెరా పట్టిన రెండేళ్లలోపే ఇంతటి పని అప్పగించారంటే, చూసినవారు పనితనాన్ని చూశారే గాని పట్టా అడగలేదన్నమాట.

1880ల తొలి సంవత్సరాలలో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. గ్వాలియర్ కోట, ఖజురహో ఆలయాలు, ఓర్ఛా భవనాలు ఆయన కెమెరాకు ఎక్కాయి. ఆ చిత్రాలతో, గ్రిఫిన్ వ్యాఖ్యలతో, మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలపై 1886లో లండనులో ఒక గ్రంథం వెలువడింది. ఆ చిత్రాలలో గోడలు నిటారుగా, గోపురాలు కొలిచి గీసినట్లు నిలబడి ఉంటాయి. ఏ వైపు నుంచి చూస్తే కట్టడపు నిర్మాణం బోధపడుతుందో తెలిసిన కన్ను అది. నక్షాలు గీసిన ఏళ్లు వృథా కాలేదని, అవే ఆయనకు శిక్షణ అయ్యాయని నా అభిప్రాయం.

ఇక ఉద్యోగం సంగతి. నెలనెలా వచ్చే జీతాన్ని వదులుకోవడం ఎంత కష్టమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కెమెరా పట్టిన మర్నాడే ఆయన రాజీనామా ఇవ్వలేదు. పదేళ్లకు పైగా రెండు పనులూ సాగించారు. 1885లో వైస్రాయి ఛాయాచిత్రకారుడిగా నియామకం లభించిన తరువాతనే సర్కారు కొలువు నుంచి విరమించుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. దాదాపు ఇరవై ఏళ్ల సర్వీసు వదిలి పూర్తిగా కొత్త వృత్తిని నమ్ముకోవడం సాహసమే. అయితే అది లెక్క వేసుకుని చేసిన సాహసం. అంచనాలు వేయడమే కదా ఆయన వృత్తి!

ఆ దశలోనే ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఆదరించారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. నిజాం దర్బారులు, పులి వేటలు, సికింద్రాబాదు సేనల విన్యాసాలు, ఫలక్‌నుమా భవనం, గోల్కొండ కోట, ఓరుగల్లు శిథిలాలు ఆయన పలకలపై నిలిచాయి. ఘోషా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1894లో నిజాం ‘రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు ప్రసాదించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో ప్రారంభమైంది. 1897లో విక్టోరియా మహారాణి ఛాయాచిత్రకారుడిగా గుర్తింపు దక్కింది. కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ కూడా అదే వృత్తిలో ప్రవేశించారు. 1905 జూలై 5న ఆయన కన్నుమూశారు.

మనవంటి వారికి నచ్చే మరో సంగతి ఉంది. ఆయన చిత్రాలలో చాలావాటి మీద పేరు, వరుస సంఖ్య కనిపిస్తాయి. ఆఫీసు ఫైలుకు నంబరు వేసినట్లు పలక పలకకూ నంబరు వేసే పద్ధతి అది. 1989లో ఆయన కుటుంబం వద్దనున్న గాజు నెగెటివులు 2,857ను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొనుగోలు చేసింది. 2006 నవంబరులో తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను హైదరాబాదు జూబిలీ హాలులోనే విడుదల చేసింది. నూరేళ్లు దాటినా ఏ చిత్రం ఎవరు తీశారో చెప్పగలుగుతున్నామంటే ఆ నంబర్ల పుణ్యం కూడా కొంత ఉంది.

దీన్ దయాళ్ జీవితం చదివి, చదువు అనవసరమని ఎవరూ అనుకోరాదు. ఆయన చదువుకున్నవారే. కొత్త విద్యకు బడి దొరకనప్పుడు, తెలిసిన విద్యనే దానికి పునాదిగా వాడుకున్నారు. ముప్ఫై ఏళ్లకు మొదలుపెట్టి, నలభై దాటాక వృత్తి మార్చి, మరో ఇరవై ఏళ్లు పనిచేశారు. పదవీ విరమణతో పని ముగిసిందనుకునే మనకు ఇది ఉత్సాహం కలిగించే విషయం.

చివరగా సభ్యులకు, వారి కుటుంబాలకు ఒక మనవి. మీ ట్రంకు పెట్టెల్లో పాత ఫోటోలు ఉంటే బయటకు తీయండి. వెనుకవైపు మెత్తని పెన్సిలుతో, గట్టిగా ఒత్తకుండా, పేర్లు, ఊరు, సంవత్సరం రాసి, తేమ తగలని చోట భద్రపరచండి. ఆ ముఖాలను గుర్తుపట్టగలవారు ఇంట్లో ఉండగానే ఈ పని జరగాలి. పేరు లేని ఫోటో మన మనుమల చేతికి వచ్చేసరికి ఎవరిదో తెలియని బొమ్మగా మిగిలిపోతుంది.