ఏటా మారే ప్రశ్నపత్రం.. మార్కులను పోల్చేదెలా?

న్యూఢిల్లీ: మూడో తరగతి గణితంలో జాతీయ సగటు 2017లో 500కు 321 కాగా, 2021లో 306కు తగ్గింది. జాతీయ సాధన సర్వే (నాస్) వెల్లడించిన ఈ అంకెలు, కొవిడ్ కాలంలో బడులు మూతపడినందువల్ల కలిగిన నష్టానికి నిదర్శనంగా చర్చకు వచ్చాయి. అయితే ఆ రెండు సర్వేల ప్రశ్నపత్రాలు ఒకటి కావు. మరి తగ్గింది పిల్లల చదువా, పెరిగింది ప్రశ్నల కఠినత్వమా? ఈ సందేహాన్ని తీర్చేందుకు ఉద్దేశించిన గణాంక ప్రక్రియనే ఈక్వేటింగ్ అంటారు.

దీనికి ప్రధాన ఆధారం ఉమ్మడి ప్రశ్నలు. పాత పత్రంలోని కొన్ని ప్రశ్నలను గోప్యంగా ఉంచి, కొత్త పత్రంలో యథాతథంగా చేరుస్తారు. ఉదాహరణకు, మొత్తం పత్రంలో సగటు 60 నుంచి 54కు పడిపోయిందనుకుందాం. 20 ఉమ్మడి ప్రశ్నల్లో సగటు మాత్రం రెండుసార్లూ 12గానే ఉంటే, విద్యార్థుల స్థాయి మారలేదనీ, పత్రమే కఠినమైందనీ భావించి ఆ మేరకు మార్కులను సవరిస్తారు. ఉమ్మడి ప్రశ్నల్లోనూ సగటు 10కి జారితే తగ్గుదల వాస్తవమే. ప్రశ్న ముందే బయటకు పొక్కినా, ఆ పాఠాన్ని సిలబస్ నుంచి తొలగించినా అది కొలబద్దగా పనికిరాదు. అందువల్ల ప్రతి ఉమ్మడి ప్రశ్ననూ విడిగా పరీక్షిస్తారు.

ఢిల్లీలోని ఎన్‌సీఈఆర్‌టీ తన సర్వేల మూడో విడత నుంచి ఐటెమ్ రెస్పాన్స్ థియరీని అనుసరించింది. ఇందులో ప్రశ్న కఠినత్వాన్నీ, విద్యార్థి సామర్థ్యాన్నీ ఒకే కొలమానంపై అంచనా వేస్తారు. ఆ విడతలో సగటును 250గా నిర్ణయించారు.

జేఈఈ మెయిన్‌లో ఎన్‌టీఏ వాడే పర్సెంటైల్ పద్ధతి వేరు. షిఫ్టుల వారీగా విద్యార్థుల స్థాయి దాదాపు సమానమేనన్న భావనపై అది నడుస్తుంది. 99 పర్సెంటైల్ అంటే ఆ షిఫ్టులో 99 శాతం మందికి అంతే లేదా అంతకు తక్కువ మార్కులు వచ్చాయని అర్థం. మరుసటి ఏడు అభ్యర్థులంతా మెరుగుపడినా ఆ 99 అలాగే ఉంటుంది. కాబట్టి ఏళ్ల మధ్య ప్రమాణాల పోలికకు అది అక్కరకు రాదు.

2024 డిసెంబర్ 4న జరిగిన 'పరఖ్' రాష్ట్రీయ సర్వేక్షణ్‌తో పోలిక మరింత జటిలమైంది. 2021లో 3, 5, 8, 10 తరగతులను పరీక్షించగా, ఈసారి 3, 6, 9 తరగతులను ఎంచుకున్నారు. రెండింటా ఉన్నది మూడో తరగతి ఒక్కటే. పైగా కొత్త ఫలితాలను శాతాల్లో ప్రకటించారు. 2021 నాటి 306 అనేది కొలమానంపై ఒక స్థానమే తప్ప, 500 మార్కులకు వచ్చిన మార్కులు కావు. దానిని 500తో భాగించి వచ్చిన శాతాన్ని 2024 శాతం పక్కన పెట్టడం సరికాదు.