గోదావరి డెల్టాలో సామాజిక వరద నిర్వహణ

గోదావరి డెల్టాలో సామాజిక వరద నిర్వహణ అనగా ఏటిగట్ల వెంబడి గ్రామాలవారు, లంకవాసులు ప్రభుత్వ యంత్రాంగంతో కలిసి వరద నష్టాన్ని తగ్గించుకొనే విధానం. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలలోను, 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలోను దీని అవసరం ఎక్కువ.

నేపథ్యం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అను రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి వైనతేయ విడిపోతుంది. పాయలకు ఇరువైపులా ఏటిగట్లు ఉన్నాయి. గట్టు వెలుపలి గ్రామాలకు గండి పడినపుడే ముప్పు. గట్ల నడుమనున్న లంకలకు పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ ముంపు తప్పదు. చాకలిపాలెం-కనకాయలంక కాజ్‌వే వంటివి మునిగినపుడు పడవలే ఆధారం.

హెచ్చరికలు

భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులకు, ధవళేశ్వరం వద్ద 11.75, 13.75, 17.75 అడుగులకు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. భద్రాచలం నుండి వరద ధవళేశ్వరం చేరుటకు సుమారు ఒక రోజు పడుతుంది. గ్రామాలకు దొరికే వ్యవధి ఇదే. అయితే శబరి నది భద్రాచలం దిగువన కూనవరం వద్ద కలుస్తుంది. అందుచేత భద్రాచలం నీటిమట్టం ఒక్కటే చూచి అంచనా వేయరాదు.

ప్రధాన వరదలు

* 1986 ఆగష్టు: భద్రాచలం వద్ద 75.6 అడుగులు, ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కులు.
* 2006 ఆగష్టు: 66.9 అడుగులు, సుమారు 28.5 లక్షల క్యూసెక్కులు. కోనసీమలో గట్లకు గండ్లు పడ్డాయి.
* 2022 జూలై: 71.3 అడుగులు, సుమారు 25.8 లక్షల క్యూసెక్కులు.

2006లో భద్రాచలం వద్ద మట్టం 2022 కంటే తక్కువైనా ధవళేశ్వరం వద్ద ప్రవాహం ఎక్కువగా ఉండుట గమనించదగినది.

గ్రామస్థుల పాత్ర

వరద రోజులలో రాత్రింబవళ్ళు గట్టు కాపలా కాయడం ముఖ్యమైన పని. ఎలుకలు, పీతల బొరియల గుండా నీరు ఊరుతుంది. గట్టు వెలుపల ఊరే నీరు తేటగా ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. బురదగా మారితే లోపలి మట్టి కొట్టుకుపోతున్నదని గుర్తు. అప్పుడు ఊటను నేరుగా మూయరాదు. దాని చుట్టూ ఇసుక బస్తాలు వలయంగా పేర్చి నీరు నిలువ కట్టనిస్తే ఒత్తిడి తగ్గి మట్టి కోత ఆగుతుంది. టముకు వేయించడం, పశువులను మెరకకు తోలడం, వృద్ధులను, గర్భిణులను ముందుగా తరలించడం ఇతర పనులు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం స్థానిక సంస్థలకు కూడా బాధ్యతలు అప్పగించింది. స్థానిక స్వచ్ఛంద సేవకులకు శిక్షణ నిచ్చే ఆపద మిత్ర పథకం 2016లో మొదలైనది.

సమస్యలు

హెచ్చరిక అందినా పాడి పశువులను వదలి రావడానికి లంకవాసులు వెనుకాడుతారు. కనుక పశువులకు చోటు, మేత చూపని తరలింపు ఫలించదు. భూమి పత్రాలు లేని కౌలురైతులకు పంట నష్టపరిహారం అందడం కష్టం. నది కోతకు గురైన లంక భూములు తిరిగి రావు.

ఇవి కూడా చూడండి

* గోదావరి నది
* ధవళేశ్వరం ఆనకట్ట
* కోనసీమ